పాడైపోయిన పెళ్లి వీడియో

మాది పాతబస్తీలోని శాలిబండ. నిరుడు నా పెళ్లైన నెలకే అమ్మ గుండెపోటుతో పోయింది. నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న అమ్మ ఇక మాకు మిగిలింది పెళ్లి వీడియోలోనే. కర్మలన్నీ అయ్యాక, అది తెచ్చిమ్మని మా వీధి స్టూడియో శ్రీనన్నకు కబురు పంపాం.

శ్రీనన్న వచ్చాడు గానీ నాన్న ఎదుట తల ఎత్తలేదు.

"కాకా, కంప్యూటర్ జర ఫాస్ట్ అయితదని పాత ర్యామ్ పక్కకే వేరే రకంది ఇంకోటి ఏసిన. రెండిటికీ పొసగలే. మాటిమాటికి బందైంది. అండ్ల ఎక్కించిన మీ వీడియో ఖరాబైంది. కెమెరా కార్డు గూడ అప్పటికే ఖాళీ చేసిన."

నాకు ఒళ్లు మండిపోయింది. అరవబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమన్న మిగిలిందా, బిడ్డా?" అని శ్రీనన్నను అడిగాడు.

అతను ఫోన్ తీసి ఒక ముక్క చూపించాడు. మంటపం, జనం. అమ్మ ఎక్కడా కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది.

"పిల్ల పొద్దటిసంది ఏం తినలే. జర పాలన్న ఇయ్యుండ్రి."

అంతలోనే బొమ్మ చెదిరిపోయింది.

"మళ్లా పెట్టు," అన్నాడు నాన్న. ఎన్నిసార్లు పెట్టించుకున్నాడో! అమ్మ పోయిన రోజు కన్నీరు పెట్టని మనిషి శ్రీనన్న భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చాడు. శ్రీనన్నా ఏడ్చాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

పెళ్లిపీటల మీద నాకెవరో పాలగ్లాసు అందించారు. అది పంపింది అమ్మేనని, ఆమె లేకుండా పోయాక తెలిసింది.