తేట మందు

మా అమ్మకు నలభై దాటకముందే సూది మొదలైంది. మాత్రలకు షుగరు లొంగకపోయేసరికి డాక్టరు ఇన్సులిన్ రాశాడు. రోజంతా మెల్లగా పనిచేసే రకం, పొద్దున ఒకసారి వేసుకుంటే చాలన్నాడు. ఒకసారే కదా అని ఇంట్లో అందరం సంతోషించాం. ఆ ఒకసారి ప్రతిరోజూ వస్తుందనీ, వచ్చినప్పుడల్లా సూది వేసే మనిషి దగ్గరుండాలనీ తర్వాత గానీ మా బుర్రలకెక్కలేదు. అప్పట్నుంచీ అమ్మ మదనపల్లె పొలిమేర దాటింది లేదు.

సూది వేసేది మా వీధి చివరింటి నర్సమ్మ. డ్యూటీకి పోతూ మా ఇంట్లో అడుగు పెట్టేది. ఆమె వచ్చేసరికి గాజు సిరంజీ, సూదీ గిన్నెలో మరిగి చల్లారి ఉండాలి. మందు సీసాను డబ్బాలో పెట్టి, చల్లగా ఉండేందుకు తడి ఇసుక పోసిన కుండలో దాచేవాళ్ళం. నర్సమ్మ ఆ సీసా తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా దొర్లించేది. పెదవులు కదిలేవి. ఆ తర్వాత సూది. ఆదివారం చర్చికి పోయే తెల్లచీరలో కూడా మా గడప తొక్కకుండా పోయేది కాదు.

"నేను రాకపోతే యేసయ్యన్నా క్షమిస్తాడు గానీ, నీ షుగరు క్షమించదమ్మా" అనేది.

అమ్మ పుట్టిల్లు కుప్పం. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో ఒక పూట ప్రయాణం. అమ్మ మాటలు వింటే మాత్రం అది ఈ లోకంలో ఉన్న ఊరనిపించేది కాదు. అక్కడ గాలి వేరట, ఆకుకూర రుచి వేరట, రైలు కూత కూడా వేరేగా ఉంటుందట. నేను చారు పెడితే ఒక గుక్క తాగి "మా కుప్పంలో అయితే" అని మొదలుపెట్టేది. నాకు ఒళ్ళు మండేది. కోపమొస్తే అమ్మ తిట్లలో సగం అరవం దొర్లేది. నాయన పట్టుమగ్గం గుంతలోంచి తలెత్తకుండానే నవ్వేవాడు.

"మళ్ళా కుప్పం రైలెక్కింది సూడు మీ యమ్మ."

సూది మొదలయ్యాక అమ్మ అక్కడికి పోనేలేదు. అమ్మను కన్న అవ్వ ముసలిదైపోయింది, బస్సెక్కి రాలేదు. అవ్వ ఇల్లు కుప్పానికి ఎడంగా, శాంతిపురం పోయే దారిలో ఉండేది. అంత దూరం రోజూ పొద్దున్నే వచ్చి సూది వేసిపోయే మనిషి ఎవరు దొరుకుతారు? అటునుంచి ఎవరొచ్చినా ఒకే మాట మోసుకొచ్చేవాళ్ళు.

"నా బిడ్డ యాల రాదు, నేనేం తప్పు సేసినా అని అడగతాండాది మీ యమ్మ."

ఆ మాట విన్న పూట అమ్మకు ముద్ద దిగేది కాదు. సూది వేసుకున్నాక తినకపోతే కళ్ళు తిరిగి పడతావని నర్సమ్మ తిట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి పోయేది. అమ్మ ఆ బెల్లం చప్పరిస్తూ ఏడ్చేది. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. ఏడుపుకు కారణం తెలుసు గానీ, మేమందరం ఇక్కడుండగా ఆ ఏడుపేమిటని లోపల రోషంగా ఉండేది.

చివరికి నాయనే దారి చెప్పాడు. "నీ సూది నువ్వే ఏసుకునేది నేర్చుకో. ఆపైన నీ ఇష్టం."

సూది చూస్తే మొహం తిప్పుకునే మనిషి, కుప్పం కోసం నేర్చుకుంది. నర్సమ్మ వంకాయ చేతికిచ్చి గుచ్చమంది. ఆ వారం మా ఇంట్లో సూదిపోట్లు పడిన వంకాయలు చూస్తే వంకాయకు కూడా షుగరొచ్చిందేమో అనిపించేది. నర్సమ్మ దొర్లించి ఇచ్చిన సీసాలోంచి ఎంత గీతకు మందు లాగాలో, చర్మం ఎలా పట్టుకోవాలో అమ్మకు బాగానే వచ్చింది. ఎనిమిది రోజుల్లో వస్తానని చెప్పి బస్సెక్కింది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపడం కూడా మరిచిపోయింది.

ఎనిమిది రోజులు నిండకముందే, అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నాయన పోయి పిలుచుకొచ్చాడు. పుంగనూరు బస్టాండులో బస్సాగితే దిగి చెంబుకు చెంబు నీళ్ళు తాగిందట. ఇంటికొచ్చేసరికి నాలుక పిడచగట్టి, నిలబడలేక గోడ పట్టుకుంది. నర్సమ్మ పరీక్ష చేసింది. గాజుగొట్టంలోని నీలం మందులో మూత్రం చుక్కలు వేసి దీపం మీద మరిగిస్తే ఇటుకరంగుకు తిరిగింది, అంటే షుగరు మితిమీరింది.

"సూది మానేసినావా?"

"ఒక్క దినం మానలేదు నర్సమ్మా. మా యమ్మ మీద ఆన."

"ఏదీ, నా ఎదురుగ్గా ఏసుకో సూస్తాను."

అమ్మ కుండలోంచి సీసాను పసిబిడ్డను ఎత్తినట్టు, కుదుపు లేకుండా తీసింది. మందు రెండుగా విడిపోయి ఉంది. అడుగున తెల్లగా పేరుకుంది, పైన కన్నీళ్ళంత తేట. అమ్మ కళ్ళు మూసుకుని సీసాకు దండం పెట్టింది. సీసాను తల్లకిందులు చేయకుండా నిలువుగా పట్టుకుని, సూదిని పైపైన తేటలోకి దించి, జాగ్రత్తగా లాగింది.

"ఆగు. కలపలేదే?" అంది నర్సమ్మ.

"కలిపితే మడ్డి లేస్తాది గదా!" అంది అమ్మ, ఇంత చదువుకున్న దానికి ఇది కూడా తెలియదా అన్నట్టు.

మా వీధి బావి నీళ్ళు ఎర్రమట్టి రంగులో వచ్చేవి. చిల్లగింజ అరగదీసి కుండలో కలిపి వదిలేస్తే మన్ను అడుగుకు దిగేది. పైన తేరిన నీళ్ళు మెల్లగా ముంచుకుని, అడుగు మడ్డిని పారబోసేవాళ్ళం. మడ్డి కదిలించినవాళ్ళ వీపు మీద అమ్మ చెయ్యి పడేది. ఆ చెయ్యే ఇన్సులిన్ సీసాను కూడా పట్టింది.

"ఆడ అయిపోయిన సీసాలో అడుగున మిగిలిన తెల్లది ఏం సేసినావు?"

"పారబోసినా."

నర్సమ్మ నేల మీద కూలబడింది. "పారబోసిందే మందమ్మా! నువ్వేసుకునింది వట్టి నీళ్ళతో సమానం. నేను దినామూ అరసేతుల్లో దొర్లించేది సూడలేదా?"

అమ్మ నెమ్మదిగా అంది. "నువ్వు ప్రార్థన సేస్తాండావు అనుకున్న్యా. మీ దేవునికి మీరు అట్ల మొక్కుతారేమో అని. నేను మా సామికి మొక్కుకున్న్యా."

నర్సమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ప్రార్థన కూడా సేస్తాండాలే. అది నోటితో. సేతులు దొర్లించేది మందు కలిసేదానికి." అమ్మ కూడా నీరసంగా నవ్వింది. నాయన మాత్రం నవ్వలేదు.

"సాల్లే. ఇంగ కుప్పం మాటెత్తొద్దు" అన్నాడు.

అమ్మ ఎత్తలేదు. కోలుకున్నాక ప్రతి ఉదయం నర్సమ్మ ముందు కూర్చుని మొదటినుంచీ నేర్చుకుంది. సీసాను గిలకరిస్తే నురుగొస్తుంది కాబట్టి దొర్లించాలి. అడుగున తెలుపు మిగలకుండా మందంతా పాలలా అయ్యాకే తల్లకిందులు చేసి లాగాలి. గుచ్చినచోటే గుచ్చితే గడ్డ కడుతుంది, చోటు మారుస్తుండాలి. ఇప్పుడు ఒంట్లోకి పోయేది నిజం మందు కాబట్టి, మధ్యాహ్నం అన్నం వేళ తప్పితే వణుకూ చెమటా వస్తాయి, కొంగున బెల్లం ఉండాలి. నీలం మందు మరిగించినా నీలంగానే నిలిచిన రోజున అమ్మ ఆ గాజుగొట్టాన్ని నాయన మగ్గం దగ్గరికి తీసుకుపోయి చూపించింది. నాయన చూసి, నాడె విసిరి మళ్ళీ నేతలో పడ్డాడు.

కొన్నాళ్ళకు అవ్వ మంచాన పడిందని కబురొచ్చింది. అమ్మ అడగలేదు, ఏడవలేదు. నాయన ముందు నిలబడింది. "ఈసారికి నేను పూచీ అప్పా" అంది నర్సమ్మ గడపలోంచి. నాయన మగ్గం ఆపి, "పో" అన్నాడు.

ఈసారి రోజులు వారాలయ్యాయి. ఇంట్లో చారు నేనే పెట్టేదాన్ని. "మా కుప్పంలో అయితే" అని ఎవరూ అనకపోవడంతో, అది నాకే చప్పగా ఉండేది. అంత విసుక్కున్న మాట కోసం అంతగా మొహం వాచిపోతానని అనుకోలేదు. ఇక ఆగలేక నాయనా నేనూ పిలుచుకొద్దామని బయల్దేరాం.

మేం పోయేసరికి అమ్మ అవ్వ మంచం పక్కన కూర్చుని సీసా దొర్లిస్తోంది. అవ్వ నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగింది.

"మీ యమ్మ కిరస్తానంలో కలిసిందా? దినామూ సీసాకు మొక్కతాండాది."

అమ్మ పగలబడి నవ్వింది. సీసా ఒళ్ళో పెట్టుకుని, అవ్వ భుజం మీద తల ఆనించి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అవ్వ ఆమెను "ఏమ్మే పాపా" అని పిలుస్తోంది. మా ఇంట్లో అమ్మ మాకు తల్లీ, నాయనకు పెళ్ళామూ, నర్సమ్మకు రోగీ. పాప అని పిలిచేవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

రమ్మని అడగడానికి నాయనకు నోరు రాలేదు, నాకూ రాలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం తిరుగుబస్సెక్కాం. పుంగనూరు దాటాక నాయన అన్నాడు.

"ఆడ ఎట్ల నవ్వతాండాదో సూసినావా?"

"సూసినా నాయనా."



అవ్వ పోయింది. చివరి గుటక నీళ్ళు అమ్మే పోసిందట. కర్మలన్నీ అయ్యాక అమ్మ ఒక్కతే, సిరంజి డబ్బా చంకన పెట్టుకుని, బస్సు దిగి వచ్చింది. మర్నాడు పొద్దున నర్సమ్మ వచ్చి, నిన్ను మెచ్చుకోవాలమ్మా, ఇంక నువ్వు యాడికైనా పొయ్యి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు అంది. అమ్మ సూది తీసి, గుచ్చినచోట దూది అదిమి పట్టుకుంది.

"పోవచ్చు నర్సమ్మా. పొయ్యేదానికే ఊరు లేకుండా పాయె" అంది.

నేను ఆ పక్కనే ఉన్నాను. మేమున్న ఈ ఊరు నీది కాదా అని అడగబోయి, అమ్మ మొహం చూసి, సిరంజి అందుకుని కడగడానికి పోయాను.

ఇప్పుడు నేను పుంగనూరులో కాపురముంటున్నాను. మదనపల్లె బస్సు మా ఇంటి ముందునుంచే పోతుంది. అమ్మా నాయనా లేక చాలా ఏళ్ళయినా, ఆ బస్సు కనబడితే కాళ్ళు గడప దాకా వెళ్తాయి. ఎక్కి ఎవరింటికి పోవాలి?