బాబాయి జీపులో డీజిల్ ముల్లు

మొన్న కోరుకొండ నుంచి వస్తుంటే మా కారులో చిన్న పసుపు దీపం వెలిగింది. ఇంకెన్ని కిలోమీటర్లు పోతుందో కూడా పక్కనే అంకె చూపించింది. మా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. నాకేమో బంకు కనిపించేదాకా ప్రాణం ప్రాణంలో లేదు. ఈ భయం నాకు మా బాబాయి జీపు దగ్గర పట్టుకుంది.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. భీమవరం అవతల రొయ్యల చెరువుల మీదే కాపురం. వానాకాలం ఆ గట్ల మీద మామూలు కార్లు దిగబడతాయని, నాలుగు చక్రాలూ లాగే పాత జీపు కొన్నాడు. అందులో డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో చచ్చింది. టాంకు నిండినా ఎండినా సగంలోనే నిలబడేది. ఆయనకి అదొక లోటే కాదు. టాంకు మూత తీసి వెదురు పుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసి, పుల్లని పంచెకి తుడిచి బయల్దేరేవాడు. పిన్ని తిట్టేది పంచె కోసమే గాని ముల్లు కోసం కాదు.

తర్వాత పిన్ని కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, తప్పితే ఊపిరాడదు. ఒక వానరోజు పొద్దున డయాలసిస్‌కి నేనూ తోడు బయల్దేరాను. బాబాయి పుల్ల ముంచితే జానెడు తడి కనిపించింది. జీపు గట్టు వాలులో ఉందని, ఉన్న కాస్త డీజిలూ మూత వైపుకే చేరిందని ఆయనకి తట్టలేదు. చుట్టూ చెరువులు తప్ప నరమానవుడు లేని చోట ఇంజను ఆగిపోయింది. మేత ట్రాక్టరు వచ్చేదాకా పిన్ని ఒక్కో ఊపిరీ లాక్కుంటూ ఆ ముల్లుకేసే చూసింది. అది సగం ఉందనే చెబుతోంది. ఆ పాడు ముల్లుని పీకి చెరువులో పారేయాలనిపించింది నాకు.

బతికి ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఏవండీ, ముందు ఆ ముల్లు బాగుచేయించండి."

మెకానిక్ టాంకు దింపాడు. డీజిల్ మీద తేలాల్సిన బెండు, దాని చువ్వకి తుప్పు పట్టి, మధ్యలోనే బిగుసుకుపోయిందట. కొత్తది వేసి, వైరు మార్చాడు. డబ్బాతో డీజిల్ పోస్తుంటే ముల్లు మెల్లగా లేవడం పిన్ని కుర్చీ వేయించుకుని మరీ చూసింది. బాబాయి మాత్రం పుల్ల కూడా ముంచి సరిచూసుకున్నాడు, ఈసారి చదునైన చోట. ఆనాటి నుంచి దారి పొడుగునా పిన్ని కళ్ళు ముల్లు మీదే. సగానికి దిగితే చాలు, బంకులో ఆపేదాకా పోరు పెట్టేది.

ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని డాక్టరుగారు చెప్పిన రోజు కూడా అదే జీపు. వెనక సీట్లో తెలివి తప్పిన పిన్ని తల నా ఒళ్ళో ఉంది. ఊరు దాటకముందే బాబాయి బండిని బంకులోకి తిప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికి సరిపడా ఉంది కదా, ఇప్పుడెందుకు అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"సగం కిందకి దిగిందమ్మా. మీ పిన్ని భయపడుద్ది."

టాంకు నిండుతుండగానే నా ఒళ్ళో ఊపిరి ఆగిపోయింది. బాబాయి ముల్లుకేసి చూస్తున్నాడు. నేను నోరు విప్పలేదు. ఇల్లు చేరేదాకా, గతుకులొచ్చినప్పుడల్లా "జాగ్రత్తే" అని ఆయన వెనక్కి చెబుతూనే ఉన్నాడు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గాని, మా బాబాయి కోసం ఆ అరగంట నేనే ఆపాను.