పులి హులి అయితే, పెన్సిలు?

2022 జూన్. సిరుగుప్ప తాలూకాలో, సిరిగేరి దాటి కాలువ వెంబడి పోతే వచ్చే ఒక ఊళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది.

మాది కన్నడ మీడియం బడి. పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. నా ఇంటి భాషా అదే. తెలుగు అక్షరాలు నాకు బడి నేర్పలేదు, మా అమ్మ నేర్పింది. నేను చూసే గదిలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు. మా రాష్ట్రంలో ఈ పద్ధతిని నలి-కలి అంటారు. కన్నడంలో నలి అంటే సంతోషంగా ఆడుకోవడం, కలి అంటే నేర్చుకోవడం. బెంచీలుండవు. చాపలు, బొమ్మల కార్డులు, గోడకు పిల్లలకందే ఎత్తులో నల్లటి పట్టీ. మేష్ట్రు కూడా కిందే కూర్చోవాలి. నలభై ఏళ్ళు దాటిన మోకాళ్ళకు అదొక పరీక్ష.

ఆ గదిలో జరిగినదానికి నాకు వినూత్న బోధన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఇప్పటికీ టీచర్ల శిక్షణలకు వెళితే "మాట్లాడని పిల్లను మాట్లాడించిన మేష్ట్రు వీరే" అని పరిచయం చేస్తారు. నేను నమస్కారం పెట్టి కూర్చుంటాను. ఆ పరిచయం నిజం కాదు. ఆ పిల్లను నేను మాట్లాడించలేదు. మాట్లాడుతున్న పిల్ల నోరు మూయించాను.

ఆమె పేరు హులిగెమ్మ. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి పోతే, అవ్వ ఈరమ్మ దగ్గర పెరుగుతోంది. ఒకటో తరగతిలో చేరిన కొత్తలో పేరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఏడవదు, అల్లరి చేయదు. నేనేమో గదిలో అడుగుపెడితే కన్నడం తప్ప మాట్లాడేవాణ్ణి కాదు. మేష్ట్రే తెలుగు మాట్లాడితే పిల్లలకు కన్నడం ఎప్పుడు వస్తుందని నా వాదన. ఆ పిల్లకు నా మాటల్లో సగం అర్థం కావడం లేదని నాకు తట్టలేదు.

వర్షాలు మొదలైన ఒక రోజు పులి బొమ్మ కార్డు చూపించి "ఇదు ఏను?" అన్నాను. ఇదేమిటి అని.

"పులీ!" అని గదంతా అరిచింది.

"పులి కాదు, హులి అనాలి" అని కన్నడంలోనే దిద్దాను.

గోడ పక్కనుంచి ఒక కొత్త గొంతు వినిపించింది. "సార్, అట్లయితే ఇంటికాడ నేను పులిగెమ్మనా?"

అందరూ వెనక్కి తిరిగారు. మూడో తరగతి బసవరాజు నిలబడి మరీ "ఒరే, ఇది మాట్లాడ్తాదిరా!" అన్నాడు.

నాకు కన్నడం ఎగిరిపోయింది. "అవును గదమ్మా. నువ్వు పులివే" అన్నాను.

"మా అవ్వకి చెప్తా" అంది హులిగెమ్మ. "ఇంక నన్ను కొట్టగూడదని."

మరునాడు ఆమె ఒక మాట తెచ్చింది. ఇంటి దగ్గర పాలు, బడి దగ్గర హాలు. ఇంకొకరు పాము, హావు అన్నారు. పంది హంది, పొలం హొల, పువ్వు హూవు. బసవరాజు పక్కపిల్ల తలలోంచి ఏదో తీసి చేతిలో పెట్టుకొచ్చి "సార్, ఇది మీ ఇంట్లో పేను, బడిలో హేను" అన్నాడు. ఆ పూట పాఠం అక్కడితో ఆగింది. హులిగెమ్మ దీనికంతా ఒక సూత్రం చెప్పేసింది: "ఇంటికాడ ప. గడప దాటితే హ."

చిన్నప్పటినుంచీ ఈ రెండు భాషలతో బతుకుతున్నాను. పాతకాలం కన్నడంలోని 'ప' తర్వాత 'హ' అయిందని డీఎడ్‌లో చదువుకున్నాను కూడా. దాన్ని ఒకటో తరగతి పిల్లల చేతికి ఇవ్వవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. ఆ రోజు నుంచి గదిలోకి తెలుగును రానిచ్చాను. పిల్లలు ఇంటినుంచి మాట తెస్తారు, బడి మాట వెతుకుతారు, రెండూ పక్కపక్కన గీస్తారు. ఇంటి మాటను పునాదిగా పెట్టుకుని బడి భాష నేర్పడాన్ని మా వృత్తిలో హోమ్ లాంగ్వేజ్ పద్ధతి అంటారు. నాకు పేరు తర్వాత తెలిసింది, పని ముందు జరిగింది.

హులిగెమ్మ తన సూత్రాన్ని ఎక్కడా ఆపలేదు. ఒకరోజు విరిగిన పెన్సిలు పట్టుకొచ్చి, "సార్, హెన్సిలు చెక్కియ్యి" అంది. గది గొల్లుమంది. నేనూ నవ్వి, హెన్సిలే చెక్కి ఇచ్చాను. పుస్తకం హుస్తకం అయింది. పలక హలక అయింది. అది మరీ దూరం కాదు, కన్నడంలో చెక్కను హలగె అంటారు. ఆమె నవ్వించడానికి అనడం లేదు. ప్రతి మాటనూ ఆ గడప మీదుగా నడిపించి చూస్తోంది.

నవంబరులో ఒక ట్రస్టు వాళ్ళు జిల్లా టీచర్లకు వినూత్న బోధన పోటీ పెట్టారు. మా హెడ్ మేడంది బళ్ళారి, కన్నడం ఇంటి భాష. "హాక్రి మేష్ట్రే, ఏనాగ్తద?" అన్నారు. వెయ్యండి, ఏమవుతుంది అని. వేశాను. నమూనా పాఠం రాస్తూ, ఒక్క మాట కూడా మాట్లాడని విద్యార్థిని ఈ పద్ధతివల్ల మాట్లాడిందని రాశాను. పద్ధతి ఆమెవల్ల పుట్టిందని రాయాల్సింది. రాసేటప్పుడు రెండూ ఒకటే అనిపించింది.

జనవరిలో కబురొచ్చింది. చివరి వడపోతలో ఉన్నాననీ, ఇద్దరు పరిశీలకులు గదికి వచ్చి పాఠం చూస్తారనీ. నాకు భయం పట్టుకుంది. అప్పటిదాకా పిల్లలు ఏ మాట తెస్తే ఆ మాటతో నడిచిన పాఠానికి నేను మాటలు ముందే ఏర్చిపెట్టాను. ఎవరు పాలు అనాలి, ఎవరు హాలు అనాలి. మూడో తరగతివాళ్ళు ముందు చెయ్యెత్తాలి. బసవరాజు ఎవరి తలా ముట్టుకోకూడదు.

"మరి హేను ఎట్ల సార్?" అన్నాడు బసవరాజు దిగులుగా.

"హేనుకు రేపు సెలవు" అన్నాను.

పరిశీలకులు రావడానికి ముందురోజు ఆఖరిసారి చేయించాను. నాలుగు మాటలు చక్కగా నడిచాయి. అప్పుడు హులిగెమ్మ చెయ్యెత్తకుండానే "పెన్సిలు, హెన్సిలు" అంది. మిగతా పిల్లలు అలవాటుగా నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు పరిశీలకుల ముఖాల మీద కనిపించింది. ఈ పద్ధతి పిల్లలకు తప్పుడు కన్నడం నేర్పుతోందని వాళ్ళు రాసుకుంటున్నట్టు కూడా కనిపించింది.

ఆమెను దగ్గరకు పిలిచాను. "చూడమ్మా, రేపు సార్లు వస్తారు. నువ్వు నోరు తెరవొద్దు. నేనడిగినా చెప్పొద్దు."

"హెన్సిలు తప్పా సార్?"

అన్నాళ్ళలో ఆమె మాటను నేను తప్పు అనలేదు. "తప్పే" అన్నాను.

ఆమె తలూపి వెళ్ళి కూర్చుంది. పెన్సిలు మాత్రం గుప్పిట్లోనే ఉంది.

మరునాడు పాఠం కాలువలో నీళ్ళు పోయినట్టు పోయింది. ఎక్కడా తడబాటు లేదు. పరిశీలకుల్లో ఒక పెద్దావిడ అంతా అయ్యాక, "మీరు రాసిన ఆ విద్యార్థిని ఎవరు?" అని అడిగారు. చూపించాను. ఆవిడ చాప మీద కూర్చుని ప్రేమగా, "నిన్న హెసరేనమ్మా?" అన్నారు. నీ పేరేమిటి అని.

హులిగెమ్మ నావైపు చూసింది. పేరైనా చెప్పవచ్చా అని ఆ చూపు. ఒక్క సైగ చేస్తే సరిపోయేది. నేను చేయలేదు. "కొంచెం నాచికె, మేడం" అన్నాను. సిగ్గు అని. ఆవిడ ఆమె తల నిమిరి లేచారు.

బహుమతి వచ్చింది. శాలువా, ఫొటో, పేపర్లో నాలుగు వరుసలు. హెడ్ మేడం బడి పిల్లలందరికీ మైసూరుపాకు పంచారు. హులిగెమ్మ తీసుకుంది, తింది, ఏమీ అనలేదు. తర్వాతి వారమూ అనలేదు. మాటలాట మొదలుపెడితే చాప మీద గీతలు గీస్తూ కూర్చునేది. నేరుగా అడిగితే నావైపు చూసి తల దించుకునేది. చిన్నపిల్ల అలక, రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. రెండు వారాలైనా పోలేదు.

ఒక ఉదయం ఈరమ్మ బడి గేటు దగ్గర నన్ను నిలబెట్టింది. నాట్లకు పోతూ వచ్చింది, కొంగు నడుముకు చెక్కి ఉంది.

"ఏమప్పా మేష్ట్రూ, మా పిల్లకి ఏం చెప్తివి నువ్వు?"

"ఏమైందమ్మా?"

"ఇంటికాడ గంప బోర్లేసినట్ల మాట్లాడ్తాది. బడి పేరెత్తితే చాలు, మూగి అయితాది. ఎందుకే అంటే, తప్పు మాట మాట్లాడితే సార్‌కి కోపమొస్తాదంట. యా మాట తప్పో, యా మాట సరో దానికి తెలీదంట. అందుకని అన్నీ బంద్ చేసిండాది."

ఈరమ్మ నడుము దగ్గర కొంగు ఇంకోసారి బిగించుకుంది.

"కొడ్తే కొట్టప్పా, వద్దనను" అంది ఈరమ్మ. "పులినంట నేను అని ఇల్లంతా తిరుగుతాండె. నన్ను కొట్టనీకుండె గూడ. ఆ పిల్లని నాకిచ్చెయ్యి."

ఆ మాట నాకు శాలువా కన్నా ఎక్కువకాలం మెడమీద ఉంది.

ఆ రోజే పిల్లలందరి ముందు చెప్పాను. హులిగెమ్మ మాట తప్పు కాదు, తప్పన్నది నేను, సార్లకు భయపడి అన్నాను అని. పిల్లలు ఆసక్తిగా విన్నారు. బసవరాజు, "మీకు గూడ భయమా సార్?" అన్నాడు. హులిగెమ్మ విని, పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయింది. ఒక్క మాటతో మూసినదాన్ని ఒక్క మాటతో తెరవవచ్చనుకోవడం పెద్దవాళ్ళ ఆశ. ఆ బడి ఏడాది అలాగే ముగిసింది.

జూన్‌లో కొత్త పిల్ల చేరింది, లావణ్య. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళ కాలనీలను ఇక్కడ క్యాంపులంటారు. ఆ పిల్లది క్యాంపు. ఆమె తెలుగు వేరు. మధ్యాహ్న భోజనానికి వరుసలో కూర్చున్నారు. నేను గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాను. హులిగెమ్మ పక్కన కూర్చున్న రెండో తరగతి పిల్ల, "కూడు ఇంగా రాలేదే" అంది. లావణ్య ముఖం ముడిచింది.

"ఛీ. కూడు అనకూడదు. బూతు మాట. అన్నం అనాలి."

వాళ్ళ వైపు ఆ మాట విసుగుతో అంటారు. మా వైపు దేవుడి ముందు కూడా కూడే. ఇది చెబుదామని నేను నోరు తెరిచేలోగా హులిగెమ్మ లేచి నిలబడింది.

"ఏంది ఛీ అంటావు? మా అవ్వ పొద్దుగాల లేసి వండేది కూడే. మీ అమ్మ వండేదేమన్నా బంగారమా?"

"మా అమ్మ అన్నం వండుద్ది!"

"యాడివి బియ్యం? ఈ కాలవ కిందివే గదా? ఆడ అన్నం, ఈడ కూడు ఎట్లయితాది?" అని ఊపిరి తీసుకుని నావైపు తిరిగింది. "సార్! చెప్పు. ఎవరిది తప్పు?"

"ఎవరిదీ గాదమ్మా" అన్నాను.

"అట్లెట్ల సార్? ఒగరిదన్నా ఉండాల గదా."

"అయితే నాది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీదెట్ల? నువ్వింగా తినలేదు గదా. పెట్టు సార్, చల్లారిపోతాంది."

పెట్టాను. ఇద్దరికీ పెట్టాను.

ఇప్పుడు హులిగెమ్మ నాలుగో తరగతి. తగవులు తీరుస్తుంది, తగవులు పెడుతుంది, రెండు భాషల్లోనూ నన్ను ఎగతాళి చేస్తుంది. అయితే ఆ తర్వాత ఆమె ఏ మాటనూ గడప మీదుగా నడిపించి చూడలేదు. పెన్సిలు అంటే పెన్సిలే. ఎందుకు మారదని అడగదు. ఆ ప్రశ్నకు జవాబుంది. కన్నడంలో మొదటినుంచీ ఉన్న పాత మాటలే రూపం మార్చుకున్నాయి, బయటినుంచి ఆలస్యంగా వచ్చిన మాటలు వచ్చినట్టే ఉండిపోయాయి. హెన్సిలు అన్న రోజు ఆ పిల్ల ఆ జవాబుకు ఒక్క అడుగు దూరంలో ఉంది. తర్వాతి పాఠం అదే. నేను ఆ పాఠాన్ని చెప్పాల్సిన చోట తప్పే అన్నాను.

ఇప్పుడు పిల్ల తప్పు చెబితే "ఎట్ల వచ్చింది నీకిది?" అని అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు, కొందరు గోడ చూస్తారు. గోడ చూసేవాళ్ళ పక్కన చాప మీద కూర్చుని ఆగడం నేర్చుకున్నాను. మోకాళ్ళు నొప్పెడతాయి. అయినా లేవను.