తెర లేని చవక బ్యాటరీ

పజుండౌంగ్ పేట బస్టాపులో నా చవక ఈ-సిగరెట్టును చూసి, ముక్కూమొహం తెలియని ఇస్త్రీ చొక్కావాడు నవ్వాడు.

“ఏటి తాతా, బొమ్మా అది? నాదైతే వోల్టేజి తెర మీద సూపిస్తాది!” అంటూనే దగ్గాడు. వోల్టేజి ఎక్కువై, లోపల కాయిల్ తీగ చుట్టూ ఉన్న దూది మాడుతున్న వాసన.

నాకు ఒళ్లు మండింది. “అంకె సూస్తావు గానీ, కాయిల్ ఏడుపు ఇనబడదేటి నీకు?”

అతని చేతిలోది లాక్కుని, కాయిల్ ఉన్న పై గొట్టాన్ని ఊడదీసి నా బ్యాటరీకి బిగించాను. మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన చెవి అది! చిటపటలు సన్నని సొదగా మారేదాకా బ్యాటరీ అడుగున వోల్టేజి తగ్గించే చక్రం తిప్పి, అతనికిచ్చాను.

పీల్చాడు. దగ్గు రాలేదు. మళ్లీ పీల్చాడు.

తన గొట్టం విప్పుకున్నాడు. నా బ్యాటరీని కుడిచేత పట్టుకుని, ఎడమచేత్తో ఆ మోచేతిని తాకుతూ, ఈ దేశంలో గురువులకు ఇచ్చే పద్ధతిలో తిరిగిచ్చాడు. బడి గడప తొక్కని నాకు!