ముందు లోపాలు, తర్వాతే గది

మా బాబాయి తన వస్తువు ఏదైనా సరే, ముందు దాని లోపం చెప్పందే చూపించడు. పెళ్ళిచూపుల్లో కూడా "నేను గురక పెడతాను. ఇంట్లోవాళ్ళు మొహమాటానికి చెప్పరు, నన్నే అడగండి" అన్నాడట. పిన్ని ఇప్పటికీ "ఆ ఒక్కటీ చెప్పి మిగతావన్నీ దాచారు" అంటుంది.

అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలన్నది ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక మేడమీది గదిని ప్రయాణికులకు అద్దెకిచ్చే వెబ్‌సైట్‌లో పెట్టి, వివరాలన్నీ స్వయంగా రాశాడు. "గుమ్మం పొట్టి, తల తగులుతుంది. మెట్లు ఎత్తు. పక్కింటి కుక్క తెల్లవారకముందే మొరుగుతుంది." చదివి నవ్వుకున్నవాళ్ళే బుక్ చేసుకుని, తల వంచుకుని లోపలికి వెళ్ళేవారు. వాళ్ళతో కబుర్లు బాబాయికి ప్రాణం.

ఇంతలో ఆ వెబ్‌సైట్‌వాళ్ళు గదులు వెతికే పద్ధతి మార్చేశారు. రాసిన వివరాలు ఎక్కడో అడుక్కి పోయాయి. ముందు కనిపించేవి ఫోటోలు, వాటి పక్కన "ఈతకొలను", "మంచి వ్యూ", "కొత్త జంటలకు" అని గళ్ళు. ఏ గడిలోనూ టిక్ పెట్టకపోతే చివరి పేజీయే గతి.

"ఒరేయ్, లోపాలకి గడి ఎక్కడుందిరా?" అని నాకు ఫోన్ చేశాడు.

"లోపాలకి గడి ఎందుకుంటుంది బాబాయ్?"

"మరి వచ్చినవాడికి తల బొప్పి కడితే?"

గదికి మనుషులు రావడం మానేశారు. "నెలాఖరుకి ఒక్కరన్నా రాకపోతే మేడ బ్యూటీపార్లర్ ఆవిడకి ఇచ్చేస్తా" అని పిన్ని తేల్చి చెప్పింది. నేను పరిగెత్తుకెళ్ళాను.

"కిటికీ ఫోటో పెట్టి, వ్యూ అని టిక్ కొడదాం బాబాయ్."

"కిటికీలోంచి కనిపించేది పక్కింటి నీళ్ళట్యాంకు."

"నీళ్ళేగా!"

"మోసంరా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముందు ఫోటోలే చూస్తారు కాబట్టి లోపాలు ఫోటోల్లోనే చెబుతానన్నాడు. పొట్టి గుమ్మం కింద నుదురు పట్టుకుని మొదటి ఫోటో దిగాడు. రెండోది మెట్టుకి స్కేలు ఆనించి, మూడోది బాత్రూం గడపకి ఆనించి.

"ఇది గది ప్రకటనా, ప్రమాద హెచ్చరికా?" అని పిన్ని నెత్తీనోరూ కొట్టుకుంది. చివరి పేజీలోనూ చిట్టచివరికి జారిపోయాం.

నెలాఖరుకి రెండ్రోజులుందనగా ఫోన్ మోగింది. బాబాయి స్పీకర్ పెట్టాడు.

"అంకుల్, మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మీ ఊరి ఆసుపత్రిలో వ్యాయామాలు చేయిస్తారట. అన్నిచోట్లా సౌకర్యంగా ఉంటుందనే రాశారు గానీ, గడప ఎంత ఎత్తో ఎవరూ చెప్పరు. చివరి పేజీదాకా వెతికితే మీరొక్కరే స్కేలు పెట్టి చూపించారు."

నేను పిన్ని వంక గర్వంగా చూశాను. బాబాయి మాత్రం "రావద్దమ్మా. మా మెట్లు మీ అమ్మగారు ఎక్కలేరు" అన్నాడు.

పిన్ని ఫోన్ లాక్కోబోతే బాబాయి పక్కకి తిప్పుకున్నాడు.

"కింద మా పడకగదికైతే మెట్లూ లేవు, గడపా లేదు. ఫ్యాన్ టకటకమంటుంది, అల్మరా తలుపు పడదు. పర్వాలేదంటే రండి. మేం మేడమీద పడుకుంటాం."

ఇన్నాళ్ళూ ఈ లోపాల చిట్టాని చాదస్తం అనుకున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి నుదురూ, మోకాలూ, నిద్రా ఆయన ముందే తలుచుకుంటాడన్నమాట. ఆ పూట బాబాయి నాకు మరీ ముద్దొచ్చాడు.

తల్లీకూతుళ్ళు వచ్చారు. మొదటిరోజే మేడ గుమ్మం పిన్ని నుదుటికి తగిలింది. "ఫోటో చూసుకోవాల్సింది" అన్నాడు బాబాయి. అయినా పిన్నే పార్లర్ ఆవిడకి ఫోన్ చేసి, వేరేచోటు చూసుకోమంది.

వెళ్ళేరోజు పెద్దావిడ బాబాయి చెయ్యి పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది.

"లోపాలన్నీ చెప్పావు నాయనా. రోజూ ఇలా చెయ్యందించి నడిపిస్తావని మాత్రం ఎక్కడా చెప్పలేదేం?"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. "అది లోపం కాదు కదండీ."

పిన్ని చటుక్కున ఫోన్ తీసింది. "ఇద్దరూ అలాగే నిలబడండి. ఇక ఇదే మొదటి ఫోటో."

"ఆగవే," అన్నాడు బాబాయి, "వెనక గోడమీద చెమ్మ కూడా పడేలా తియ్యి."