సమాధి దగ్గర భయపడ్డ ఆడవాళ్ళు

మా ఆయనకు ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని తేలిన ఏడాది, డాక్టరు ఆపరేషన్‌కు ఇచ్చిన రోజు సరిగ్గా ఈస్టరు మర్నాడు పడింది. మా ఆయన బతికి బయటకు వస్తారని డాక్టరు గట్టిగా చెప్పలేదు. అప్పటినుంచి నాకు ఒకటే భయం. అన్నం సయించేది కాదు. కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేదాన్ని.

దానికి తోడు పరామర్శలు. కంచరపాలెంలో మా వీధిలో సగం మంది మా చర్చి సంఘం వాళ్ళే. వచ్చిన ప్రతి మనిషీ కుర్చీలో కూర్చుని, టీ తాగి, "విస్వాసం ఉన్నోలకి బయమేటమ్మా?" అని లేచి వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. భయపడుతున్నందుకు సిగ్గు కూడా వేసేది. ఇన్నేళ్ళు చర్చికి వెళ్ళి నేర్చుకున్నది ఇంతేనా అని కుమిలిపోయేదాన్ని.

ఈస్టరు ముందు సమాధులకు సున్నం వేయడం మా ఆనవాయితీ. ఆదివారం తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని అక్కడే ఆరాధన చేస్తుంది. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళికి ఏడాది తిరిగేసరికి ప్రతి సమాధీ నల్లబడిపోతుంది. మా అత్తగారి సమాధికి సున్నం వేసేది ఎప్పుడూ మా ఆయనే. వద్దని మొత్తుకున్నా వినకుండా శనివారం బకెట్టూ కుంచే పట్టుకుని బయలుదేరారు. కాసేపు వేస్తే ఆయాసం. కూర్చుంటారు, మళ్ళీ లేస్తారు. చూడలేక కుంచె లాక్కుని మిగతాది నేనే వేశాను.

తలెత్తి చూద్దును కదా, ఆయన పక్కనున్న ఖాళీ జాగాలో ముళ్ళమొక్కలు పీకుతున్నారు. మా కుటుంబంలో తర్వాత పోయేవాళ్ళ కోసమని ఉంచుకున్న జాగా అది.

"ఏటి సేత్తన్నారు? ఆ జాగాతో మీకేటి పని? లెగండి!" అని అరిచేశాను.

"రేపు నువ్వు నిల్సోవాల్సింది ఇక్కడే కదే. పోయినేడు కాల్లో ముల్లు దిగితే పాట మద్దిలో ఎంత గోల సేసీసావు!" అని నవ్వారు. ఇంకో ముళ్ళమొక్క పీకుతూ, నా వైపు చూడకుండా, "నాకూ బయంగానే ఉందే," అన్నారు.

సున్నం చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసీ తుడుచుకున్నాను. ఇంటికి వచ్చేదాకా మండుతూనే ఉన్నాయి.

మర్నాడు ఆరాధనలో పాస్టరు గారు ఖాళీ సమాధి చూసిన ఆడవాళ్ళ సంగతి చెప్పారు. ప్రభువు చావులోంచి లేచాడన్న మాట విన్నాక కూడా వాళ్ళు వణుకుతూ పారిపోయారట, భయంతో నోరు మెదపలేదట. చిన్నప్పటినుంచి విన్న కథే, వాళ్ళ భయం మాత్రం నా చెవికి ఎప్పుడూ ఎక్కలేదు. వాళ్ళు వణికారని ప్రభువు లేవడం మానలేదు కదా! కొవ్వొత్తి పట్టుకున్న నా చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. సిగ్గు మాత్రం పోయింది.

సోమవారం ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ ఆపారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, "బయమేత్తందే," అన్నారు.

"నాకూ ఏత్తంది. అయినా మీరు లెగుత్తారు. సాయంత్రం లెగకపోతే ప్రెబువు మల్లీ వొచ్చి సమాదుల్లోంచి లేపిన నాడు లెగుత్తారు. ఎలాగైనా లెగుత్తారు," అన్నాను.

వెనక నిలబడ్డ మా ఆడపడుచు, "ఏటా మాటలు, వొదినా!" అని నన్ను కసిరింది. ఆయన మాత్రం తల ఊపి, నా చెయ్యి వదిలారు.

సాయంత్రానికి ఆయన కళ్ళు తెరవలేదు. ఆ తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చుని వణుకుతూనే ఉన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచారు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా ముఖంలోకి చూసి, "ఇంకా బయమేత్తందా?" అని అడిగారు.

"ఏత్తంది," అన్నాను.