సుందరి కనిపెట్టిన నాలుగొందల ఏళ్ళ డ్యూటీ లిస్టు

మా నరసాపురం సుందరికి సెర్బియా దేశంలో నిలువెత్తు విగ్రహం పెట్టారని అరబ్బు దేశపు ఖమీస్ ముషైత్ ఊళ్ళో నర్సుల హాస్టలంతా కోడై కూసింది. చూసొచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

సుందరి ఇక్కడి ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా పళ్ళ విభాగం నర్సు. ఆవిడ సూది గుచ్చితే దోమ కూడా సిగ్గుతో చచ్చిపోతుంది, అంత తేలిక చెయ్యి. డ్యూటీ లిస్టు గోడకు అంటిస్తే చాలు, నడుస్తూనే ఇక్కడి సెలవురోజైన శుక్రవారాలు ఎవరికెన్ని డ్యూటీ కింద పడ్డాయో చెప్పేస్తుంది. అందరికంటే ఎక్కువ ఆవిడకే పడతాయి మరి.

పళ్ళ డాక్టరు మిలిత్సాది సెర్బియా. మధ్యాహ్నం ఖాళీలో వాళ్ళ దేశపు యూనివర్సిటీకి ఇంకో పని చేసేది. పాత సెర్బియా రాతల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కో మాట పక్కన అది మనిషి పేరో, ఊరి పేరో, చేసే పనో గుర్తు పెట్టాలి. ఏ పేజీలో ఉన్నది ఉత్తరమో, లెక్కో, జాబితానో కూడా రాయాలి. లక్ష మాటలైనా అయ్యుంటాయి. హాస్టల్ లెక్కలో కోటి.

నాలుగొందల ఏళ్ళ నాటి మఠం పుస్తకంలో ఓ పేజీ నిండా పేర్లే. మిలిత్సా దానికి 'చనిపోయినవారి జాబితా' అని పెట్టింది. యూనివర్సిటీవాళ్ళు ఒప్పుకోలేదు. గురువారంలోగా తేల్చకపోతే పుస్తకం వేరేవాళ్ళకిస్తామన్నారు. మూడేళ్ళ కష్టం! బుధవారం ఆవిడ పాలు లేని సులేమానీ టీలో చక్కెరనుకుని ఉప్పేసుకుని, తెలియకుండానే తాగేసింది.

సుందరి కంప్యూటర్లోకి తొంగి చూసింది. ఆ లిపిలో ఒక్క అక్షరం రాదు.

"డాక్టరమ్మా, పై వరసలో చివరున్న పేరు కింది వరసలో ముందుకొచ్చింది చూడండి. దాని కింద ఇంకోటి ముందుకొచ్చింది."

"అయితే?"

"చచ్చినోళ్ళు వంతులేసుకుంటారేంటండీ? ఇది డ్యూటీ లిస్టు!"

మిలిత్సా లెక్కపెట్టింది. ఏడే పేర్లు, వరసకో మెట్టు జరుగుతున్నాయి. చిరిగిన పై అంచున సగం మిగిలిన మాట అప్పుడు అర్థమైంది: వంట. ఏడుగురు సన్యాసులు, ఏడు రోజులు, వంట వంతులు.

"ఈయన్ని చూడండి. ఈయనకి ఆదివారం వచ్చినప్పుడల్లా వరస తప్పించి పక్కాయన్ని తోసేశారు. మఠం పెద్దకి మేనల్లుడై ఉంటాడు," అంది సుందరి, ఆదివారం గడి ఏదో మిలిత్సా చూపగానే.

ఆ రాత్రే 'వంట వంతుల జాబితా' అని మార్చి పంపితే, గురువారం జవాబొచ్చింది. పుస్తకం మిలిత్సా దగ్గరే ఉంటుందని. ఆ ఆనందంలో ఆవిడ సుందరిని ఎత్తి మూడు చుట్లు తిప్పిందట. సుందరి బరువు తెలిసినవాళ్ళు ఒక చుట్టుకు ఒప్పుకున్నారు.

హాస్టల్లో పెరిగి పెరిగి విగ్రహమైన ఆ కబురు సోమవారానికల్లా మేట్రన్ క్రిస్టీనా చెవిన పడింది.

"ఏమ్మా సుందరీ, నాలుగొందల ఏళ్ళ నాటి లిస్టే చదివేశావంట! వచ్చే నెల్నించి మన లిస్టు నువ్వే వెయ్యి."

లిస్టు వేసే మనిషంటే అందరికీ కోపం, హాస్టల్లో ఎవరూ కూర కూడా పెట్టరు. సుందరి మొహం మాడిపోయింది.

"అయ్యో మేడమ్, ఎవరండీ చెప్పింది? సెర్బియా లేదు, సన్యాసులూ లేరు. ఆ టైములో నేను పేషెంటు నోట్లో దూది పెడతన్నాను. నాకసలు మన లిస్టే అర్థం కాదండీ!"